గాయ్‌తోండేకి నప్పని మాట

మాటతోనే మొదలుపెడతాను, చిక్కంతా అక్కడే ఉంది గనక. ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగును మనం తెలుగులో నైరూప్య చిత్రకళ అంటున్నాం. మా చుట్టూ ఉన్న మరాఠీవాళ్లు అమూర్త అంటారు. రెండూ లేమిని చెప్పే మాటలే: రూపం లేనిది, మూర్తి లేనిది అని. ఈ మాట మనసులో పెట్టుకుని బొమ్మ ముందు నిలబడ్డవాడు లేనిదాన్నే వెతుకుతాడు. మనిషెక్కడ, చెట్టెక్కడ, కొండెక్కడ అని నాలుగు మూలలా గాలించి, దొరక్క, ఇది మనకి అందేది కాదులే అనుకుని పక్క బొమ్మకి నడుస్తాడు.

వాసుదేవ్ సంతు గాయ్‌తోండే విషయంలో ఈ మాట చేసిన అపకారం తక్కువేం కాదు. ఆబ్‌స్ట్రాక్ట్ అనే పేరు ఆయన ఒప్పుకోలేదు. తనది నాన్ ఆబ్జెక్టివ్ అనేవాడు. కళ్లెదుట ఉన్న వస్తువును చెరిపి, కుదించి, పోల్చుకోలేనట్టు చేస్తే వచ్చిన బొమ్మ కాదని, అసలు వస్తువునుంచి బయల్దేరనే లేదని దాని భావం. తెలుగులో నిర్వస్తుకం అనాలేమో. నోటికి కరకుగానే ఉంది. అయినా నైరూప్యం కన్నా నయం. ఎందుకంటే గాయ్‌తోండే బొమ్మల్లో రూపం పుష్కలంగా ఉంది. ఆ రూపం ఫలానాదానిది అని చెప్పే చిరునామా ఒక్కటే లేదు.

ఆయన 1924 నవంబరు 2న నాగపూరులో పుట్టాడు. తల్లిదండ్రులది గోవా. పెరిగింది బొంబాయి గిర్‌గావ్‌లో ఒక చాల్‌లో. 1948లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో డిప్లొమా పుచ్చుకున్నాడు. 1950లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు తమలో చేరమని పిలిచింది. అప్పటికి సూజా లండన్ వెళ్లిపోయాడు, రజా పారిస్ దారి పట్టాడు. గాయ్‌తోండే బొంబాయిలోనే ఉండిపోయాడు. తొలి రోజుల్లో లఘుచిత్రాల గీత, ఆ తరవాత పాల్ క్లే ప్రభావం. ఆ కాలపు బొమ్మలు కొన్ని చూశాను, ముద్దుగా ఉంటాయి. అంతకు మించి అనబుద్ధి కాదు. క్లే గొంతు అందులో మరీ స్పష్టంగా వినిపిస్తుంది. యాభైల చివరికొచ్చేసరికి మనుషులు, పక్షులు, ఇళ్లు ఒక్కొక్కటే బొమ్మలోంచి వెళ్లిపోయాయి. బొంబాయిలో భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో గది తీసుకుని పనిచేసిన రోజులవి.

1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లాడు. దీన్ని పట్టుకుని చాలామంది రోత్కో పేరు ఎత్తుతారు. రంగుల పొరలు అక్కడే నేర్చుకున్నాడని అర్థమొచ్చేలా రాస్తారు. తేదీలు చూస్తే ఈ వాదం నిలవదు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన బొమ్మ ఒకటుంది, 1962 నాటిది. అంటే ప్రయాణానికి రెండేళ్ల ముందే దారి దొరికింది. పైగా రోత్కో దగ్గర రంగు మేఘంలా మన మీదికి వస్తుంది. గాయ్‌తోండే దగ్గర రంగు లోపలికి దిగుతుంది. బావిలోకి చూసినట్టు ఎంతసేపు చూస్తే అంత లోతు కనబడుతుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం, తెల్లగా ఉన్నవన్నీ పాలనుకోవడం లాంటిదే.

ఆ లోతు ఎలా వచ్చిందన్నదే నాకు ఆసక్తి. కుంచెను ఆయన చాలావరకు పక్కన పెట్టేశాడు. రోలరు, పాలెట్ కత్తి పట్టాడు. పల్చటి తైలవర్ణం ఒక పొర వెయ్యడం, దాన్ని రోలరుతో నెట్టడం, ఆరాక మరో పొర, తడిగా ఉండగానే చింపిన కాగితం ముక్కలు అద్ది పైకి లాగడం. కాగితం లేచినచోట కింది రంగు బయటపడుతుంది, అంచు దగ్గర కొంచెం గట్టుకడుతుంది. మనకు గుర్తుల్లా కనిపించేవి చాలావరకు ఇలా తీసివేతలోంచి వచ్చినవే.

మా షోలాపూరువాళ్లకి ఇది కొత్తగా తోచదు. నూలుకి రంగేసే ఇళ్లల్లో పుట్టినవాణ్ణి. ఒక్కసారి ముంచిన ఎరుపు వేరు, మూడుసార్లు ముంచి ఆరేసిన ఎరుపు వేరని మా ఇంటి ఆడవాళ్లు చీకట్లో చూసి చెప్పేవాళ్లు. రంగు పైన పూసుకుందా, నూలు తాగిందా అన్నది వాళ్ల ప్రశ్న. గాయ్‌తోండే పసుపు ముందు, కావిరంగు ముందు నిలబడితే అదే ప్రశ్న అడగాలనిపిస్తుంది. ఆయన కాన్వాసు రంగు తాగింది. ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలో జహంగీర్ నికల్సన్ సేకరణ ఉంది. అక్కడ ఆయన బొమ్మకి ఒక పక్కగా జరిగి, ఏటవాలు వెలుతురులో చూడండి. ఎదురుగా నిలబడితే ధ్యానంలా కనిపించేది, పక్కనుంచి చూస్తే పనిగా కనిపిస్తుంది.

ఈ తేడా ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, గాయ్‌తోండే చుట్టూ ఋషి కథ ఒకటి అల్లుకుంది. 1971లో పద్మశ్రీ. 1972లో ఢిల్లీకి మకాం. నిజాముద్దీన్‌లో చిన్న ఇల్లు, పెళ్లి లేదు, బంధువుల రాకపోకలు లేవు, ఏడాదికి ఐదో ఆరో బొమ్మలు. జెన్ చదివాడు, జిడ్డు కృష్ణమూర్తిని చదివాడు, నిసర్గదత్త మహరాజ్ మాటలు ఇష్టపడ్డాడు. ఇవన్నీ నిజమే. కాని వీటితో బొమ్మను వివరించడం మొదలుపెడితే చూడాల్సిన పని తప్పించుకున్నట్టే. మౌనం, శూన్యం, నిశ్శబ్దం అనే మూడు మాటలు వాడకుండా ఆయనమీద వ్యాసం రాసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. ఈ మూడూ నైరూప్యానికి చెల్లెళ్లే. చేతులు జోడిస్తే కళ్లు మూతపడతాయి. ఏడాదికి ఐదారు బొమ్మలే ఎందుకంటే, పొర ఆరాలి, ఆరాక చూడాలి, చూశాక తరవాతి పొర అవసరమో కాదో తేల్చుకోవాలి. మంచి పనివాడు తొందరపడకపోవడాన్ని మనం సమాధి అంటున్నాం.

ఋషి కథకి జోడీగా ధర కథ నడిచింది. 2013 డిసెంబరులో ముంబయిలో క్రిస్టీస్ వేలంలో ఆయన 1979 నాటి బొమ్మ 23.7 కోట్లు పలికింది. 2025 సెప్టెంబరులో 1970 నాటి బొమ్మ 67 కోట్లు దాటింది. మధ్యలో 2014 అక్టోబరునుంచి న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో పెద్ద ప్రదర్శన. అంకెలు విని చూడ్డానికొచ్చేవాళ్లు వస్తారు, రానివ్వండి. మరాఠీలో ‘చిన్హ’ సంపాదకుడు సతీశ్ నాయక్ ఆయనమీద పెద్ద సంపుటి తెచ్చారు. మరాఠీ రాదని చెప్పుకునే అవకాశం మహారాష్ట్ర తెలుగువాళ్లకి లేదు గనక అది చదవమనే చెబుతాను.

ఇక నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన బొమ్మల దగ్గరికి వస్తాను. 1984లో ఆయన రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. కొన్నేళ్లపాటు పెద్ద కాన్వాసు జోలికి పోలేకపోయాడు. అప్పుడు కాగితం మీద సిరాతో చిన్న చిన్న బొమ్మలు వేశాడు. చూస్తే ఏదో లిపిలా ఉంటాయి. వంపులున్నాయి, ముడులున్నాయి, వరస ఉన్నట్టూ ఉంది, చదవబోతే అక్షరం కాదు. వీటిని చూసి లిపి అర్థంనుంచి విముక్తి పొందిందని పొంగిపోవడం సులువే. నేను పొంగిపోలేకపోయాను. మా వీధిలో మూడో తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో దేవనాగరి రాస్తారు. మార్కండేయ గుడి గోడమీది తెలుగు అక్షరాలు వాళ్లకి సరిగ్గా ఇలాగే కనబడతాయి: వంపులు, ముడులు, వరస. అందంగా ఉన్నాయి బాబాయ్ అంటారు. హోసూరులోనో బరంపురంలోనో ఈ పత్రిక తెరిచినవాళ్లకి నేను చెప్పేది తెలిసే ఉంటుంది.

అయితే ఈ పోలిక ఒక మేరకే నడుస్తుంది. గాయ్‌తోండే గీతకి చదవబడాలన్న బాధ్యత ఏనాడూ లేదు. అది ఏ భాషనీ పోగొట్టుకోలేదు, కాగితం మీదే పుట్టింది. చెయ్యి బరువు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తేలింది, తెల్లకాగితం ఎంత వదిలాడు అన్నదే అందులో చూడాల్సింది. మా పిల్లల కళ్లకి అక్షరం బొమ్మైపోవడం మాత్రం నష్టమే. దాన్ని కళ అని ఓదార్చుకోను. ఆ సిరాబొమ్మలు మంచివని ఒప్పుకుంటూనే, వాటి ముందు నా కళ్లు ముందుగా చదవబోతాయి, చదవలేక ఆగుతాయి, అప్పుడు చూడ్డం మొదలుపెడతాయి. రెండో అడుగు వెయ్యకుండా మూడోదానికి వెళ్లడం నాకు చేతకాలేదు. ఉత్తరాదిలో ఉండి ఈ బొమ్మలమీద రాసినవాళ్లకి ఆ రెండో అడుగు ఉన్నట్టే లేదు.

తరవాత పెద్ద కాన్వాసులకి తిరిగొచ్చాడు. తొంభైల బొమ్మల్లో గుర్తులు మరీ నడిమధ్యకి చేరాయని, అమరిక ముందే తెలిసిపోతోందని నా ఫిర్యాదు. డెబ్బైలలో అవి నీళ్లల్లో ఆకుల్లా ఎక్కడ తేలతాయో తెలియదు, చూపు వాటి వెంట పోవాల్సి వచ్చేది. రంగు మాత్రం చివరిదాకా చెడలేదు. 2001 ఆగస్టు 10న గుర్‌గావ్‌లో పోయాడు. బొమ్మలకి చాలావరకు పేర్లు పెట్టలేదు, సంవత్సరం ఒక్కటే వేశాడు. మ్యూజియంలో చీటీ చదవడానికి వంగేవాళ్లకి అక్కడ దొరికేది ఆ అంకే.