నీలికి నాలుగు చేతులు అక్కరలేదు

సెలవుల్లో మా పెదనాన్న కొడుకు మద్రాసు నుంచి వస్తూ ఒక లావు పుస్తకం, చిన్న సంచి నిండా పాచికలు తెచ్చాడు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసింది. ఇందులో ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో పాత్రలవుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది మా అన్న. "ఈసారి అడవిలో రాకాసిని మీరే తయారుచెయ్యండి. పురుగులా ఉండాల, వేటాడాల, ఫే జాతిది కావాల" అన్నాడు. ఫే అంటే మన మోహిని, యక్షిణి లాంటివి అనుకోవచ్చు. అందంగా కనిపించి మాటతో కట్టిపడేస్తాయి.

మొదట ఆటలో ముందే ఉన్న జీవుల్ని చూశాను. థ్రై-క్రీన్ అని ఒకటుంది. గొల్లభామ మనిషంత పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాలుగు చేతులు, నిద్ర లేదు, చుట్టుపక్కలకు తగ్గట్టు ఒంటి రంగు మార్చుకోగలదు. 1991లో వచ్చిన 'డార్క్ సన్' అనే ఎడారి లోకంలోనైతే వీటికి ఎల్ఫుల మాంసమంటే ఇష్టమట. బొమ్మ బాగుంది, మా తమ్ముడు రెండు రోజులు అదే గీశాడు. కానీ నాకు భయం వేయలేదు. ఆయుధం పట్టుకొని ఎదురుగా వచ్చి పోట్లాడేదానికి సిపాయి చాలు కదా, గొల్లభామ ఎందుకు? 2012లో రాజమౌళి తీసిన 'ఈగ' గుర్తొచ్చింది. తమిళంలో 'నాన్ ఈ'. అందులో ఈగ చివరిదాకా ఈగంతే ఉంటుంది. అంత చిన్నది కాబట్టే సుదీప్ నిద్రపోలేకపోతాడు. పురుగును పెద్దది చేస్తే బలం పెరుగుతుందేమో గానీ పురుగుతనం పోతుంది.

మా ఇంట్లో గొల్లభామ అంటే ముందుకాళ్లు ముడుచుకొని కూచునే పచ్చ పురుగు. కొందరు మిడతను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. మా తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండింది, అందుకే మా వీధిలో దేనికైనా రెండు భాషల పేర్లూ వినిపిస్తాయి. తమిళంలో దీన్ని కుంబిడుపూచ్చి అంటారు, అంటే దండం పెట్టే పురుగు. తయిర్‌కడైపూచ్చి అని ఇంకో పేరు, పెరుగు చిలికే పురుగు. గాలికి ఆకు ఊగినట్టు అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కవ్వం తిప్పే ఊపు అదే. తెలుగులో గొల్లభామ అయింది కూడా అందుకేనని నా ఊహ. ప్రాణాలు తీసేదానికి మజ్జిగ చిలికే అమ్మాయి పేరు పెట్టారు మనవాళ్లు! ఫే అంటే ఏమిటో ఆ లావు పుస్తకం కన్నా ఈ పేర్లే బాగా చెప్పాయి.

చిక్కుడు పందిరి దగ్గర ఒకదాన్ని చాలాసేపు చూశాను. తల తిప్పింది తప్ప చోటు మారలేదు. ఈగే వచ్చి వాలింది. పట్టుకోవడం నా కంటికి అందలేదు. ఈగ కాళ్లు ఇంకా ఆడుతుండగానే తినడం మొదలుపెట్టింది.

అప్పుడు అవ్వ చెప్పే నీలి కథ తోచింది. తిరువాలంగాడు పక్కన పళయనూరులో జరిగిందంటారు. చెప్పేవాళ్లను బట్టి కథ కొంచెం మారుతుంది, అవ్వ చెప్పేది ఇట్ల. పోయిన జన్మలో తనను చంపిన మొగుణ్ని వెతుక్కుంటూ పేయిగా వచ్చింది నీలి. ఈ జన్మలో అతను వర్తకుడు. ఆమె అతని పెళ్లాం రూపంలో, కళ్లి కొమ్మను బిడ్డగా మార్చి చంకనేసుకొని వెంటపడింది. వర్తకుడు ఊరి వేళాళుల సభకు పరుగెత్తి "ఇది నా భార్య కాదు, పేయి" అని మొరపెట్టుకున్నాడు. బిడ్డ అతని దగ్గరికే పోయింది. సభ బిడ్డను నమ్మింది. "నీకేమన్నా అయితే మా ప్రాణాలిస్తాం" అని 70 మంది మాటిచ్చి, అతని కత్తి తీసిపెట్టుకొని, రాత్రికి ఆమెతోనే ఉండమన్నారు. తెల్లారేసరికి అతను చచ్చిపడి ఉన్నాడు. 70 మందీ నిప్పుల్లో దూకారు.

అవ్వ ఎప్పుడూ నీలి గోళ్లు, కోరలు వర్ణించదు. అక్కరలేదు. థ్రై-క్రీన్‌కు నాలుగు చేతులే, నీలికి 70 మంది మంచివాళ్ల చేతులు. పైగా వర్తకుడికి నిజం తెలుసు, గట్టిగా చెప్పాడు కూడా. ఈ కథలో నన్ను వణికించేది అదే.

కాబట్టి మా రాకాసి చెట్టు కింద మజ్జిగ చిలికే అమ్మాయి అయింది. తనంతట తాను ఎవరి మీదికీ రాదు. "కుండ కొంచెం ఎత్తుతారా" అని అడుగుతుంది, అంతే. ఆడేవాళ్లందరికీ మడిచిన చీటీలు ఇస్తాం. ఒక్క చీటీలో మాత్రం 'నీకు ఆమె ముళ్ల చేతులు కనిపించాయి' అని ఉంటుంది. మిగతావి ఖాళీ.

ఆ చీటీ తమ్ముడికి పడింది. "అది పురుగు, పోవద్దండి" అన్నాడు. సరదాకి నా స్నేహితురాలు "నాకూ కనిపించింది" అని నవ్వింది. దాంతో వాడి మాట కూడా సరదా అయిపోయింది. "పాపం, ఆ అమ్మాయి భయపడతాది, నీ కత్తి ఇట్ల ఇయ్యి" అన్నది నేనే. వాడే ముందు చచ్చిపోయాడు. పాచిక అక్కడే పడేసి అరుగు మీదికి పోయి కూచున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు. "నేను చెప్పినా కదక్కా" అన్నాడు.

అన్న మా రాకాసిని తప్పుపట్టాడు. తప్పించుకునే దారి లేకపోతే అది కథ అవుతుంది గానీ ఆట కాదన్నాడు. ఒప్పుకున్నాను. కుండలో ఎంత చిలికినా వెన్న పడదు అని ఒక గుర్తు చేర్చాం. "వెన్న ఏది?" అని అడిగినవాళ్లకు పాచిక వేసే అవకాశం ఉంటుంది. ఇప్పుడు ఆట న్యాయంగానే ఉంది. భయం మాత్రం కొంచెం తగ్గింది, అది నా లోపమే.

మళ్లీ ఆడినప్పుడు తమ్ముడు కుండ వైపు చూడనే లేదు. చీటీలు పంచుతున్నంతసేపూ మా ముఖాల్లోకే చూస్తూ కూచున్నాడు.