కుక్క మాంసం, మూడు పొడి రొట్టెలు

కెల్టిక్ పురాణాల మోజులో ఫాంటసీ నవల మొదలుపెట్టిన కుర్రకారు నాకు చూపించే రాతప్రతుల్లో మొదటి పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. పొగమంచు, ఓక్ చెట్లు, తెల్లగడ్డం డ్రూయిడ్ పూజారి, హార్ప్ వాయిస్తూ ఒక పాటగాడు. ముప్ఫై పేజీలు తిప్పినా ఎవరూ ఎవరికీ బాకీ పడరు, ఎవరూ మాట తప్పరు. అప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: మీ వీరుడు చేయకూడని పనేమిటి?

ఐర్లండ్ పాత కథలు నడిచేది దాని మీదే. ‘గెష్’ అంటారు. రాజులకూ వీరులకూ ఎవరి నిషేధాలు వాళ్ళకుంటాయి. తప్పారంటే చేటు మూడినట్టే. అల్‌స్టర్ వీరుడు కూహులిన్ చిన్నతనంలో కులన్ అనే కమ్మరి కాపలాకుక్కను చంపి, దాని బదులు తానే కాపలా కాస్తానని మాటిచ్చాడు. అప్పటినుంచి ‘కులన్ కుక్క’ అన్నదే అతని పేరు. కుక్క మాంసం ముట్టకూడదన్నది అతని నిషేధం.

ఆఖరి యుద్ధానికి పోతుంటే దారిపక్కన ముగ్గురు ఒంటికన్ను ముసలమ్మలు రోవన్ కర్రలకు గుచ్చి కుక్కను కాలుస్తున్నారు. తినిపొమ్మన్నారు. అతను తప్పుకుపోబోయాడు. పెద్ద విందైతే ఆగేవాడివి, మా పొయ్యి నీ కంటికి ఆనదు కదా అని ఎత్తిపొడిచారు. పిలిచి పెడితే కాదనడం ఆ సమాజంలో పరువు తక్కువ. తింటే నిషేధం తప్పినట్టు. ఎడమచేత్తో అందుకుని తిన్నాడు. ఆ చెయ్యి సత్తువ పోయింది. శత్రువు ఇంకా ఎదురుపడలేదు, ఈలోపే చావు ఖాయమైపోయింది. యుద్ధంలో ప్రాణం మీదికి వచ్చాక, నిలబడే చావాలని ఒక రాతికి నడుముపట్టీతో కట్టుకున్నాడు. భుజం మీద పక్షి వాలేదాకా దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

రాసేవాళ్ళు ఈ ఘట్టంలో చూడాల్సింది ఆ రెండు కట్టుబాట్లనే. రెండూ న్యాయమైనవే, రెండూ ఒకేసారి మీద పడ్డాయి. మీ వీరుడికీ అలాంటివి రెండు పెట్టండి. మొదటి అధ్యాయంలోనే పెట్టండి, వివరించకండి. విందులో ఒక గిన్నె తన ముందుకొస్తే వీరుడు పక్కవాడికి జరిపేశాడని రాస్తే సరిపోతుంది. నాలుగు వందల పేజీల తర్వాత అదే గిన్నె మళ్ళీ రావాలి, ఈసారి జరపడానికి వీల్లేకుండా రావాలి.

వేల్స్ కథల్లోనూ ఇదే వరస. పువిల్ అనే రాజు వేరొకరి వేటకుక్కలు పడగొట్టిన దుప్పి మీదికి తన కుక్కల్ని వదిలాడు. చిన్న అమర్యాదే. ఆ కుక్కలు మాత్రం అన్నూన్ లోకపు రాజు అరౌన్‌వి. తప్పు దిద్దుకోవడానికి పువిల్ ఏడాదిపాటు అరౌన్ రూపంలో అతని సింహాసనం మీద కూర్చోవాలి, అతని శత్రువును ఒకే ఒక్క దెబ్బతో చంపాలి. రెండో దెబ్బ వేస్తే ఆ శత్రువు తేరుకుంటాడు. ఆ ఏడాదీ అరౌన్ భార్య పక్కనే పడుకుని, మొహం అటు తిప్పుకుని, ఒక్క మాటైనా మాట్లాడలేదు. శత్రువుతో పోరు నాలుగు ముక్కల్లో ముగుస్తుంది. గుర్తుండిపోయేది ఆ పక్క మీది మౌనమే.

కవుల సంగతి సరేసరి. బ్రెస్ అనే పిసినారి రాజు ఇంటికి కోర్‌ప్రె అనే కవి వస్తే నిప్పూ మంచమూ లేని చీకటి గుడిసె చూపించి, మూడు పొడి రొట్టెలు పెట్టారు. తెల్లారి ఆ కవి తిట్టు కవిత చెప్పాడు. బ్రెస్ రాజ్యం అక్కణ్ణుంచి దిగజారింది. వేములవాడ భీమకవి కథలు విన్న మనవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. హార్ప్ వాయించే మీ పాటగాణ్ణి చూసి రాజు భయపడాలి.

ఒక జాగ్రత్త. డ్రూయిడ్ల పేరుతో చలామణీ అయ్యే సరుకులో చాలా భాగం కొత్తది. లండన్ ప్రిమ్‌రోజ్ హిల్ మీద 1792లో మొదలైన డ్రూయిడ్ సభ తంతు, పాత పత్రాలు దొంగగా సృష్టించిన ఇయోలో మోర్గాన్వుగ్ కల్పన. చెట్ల పేర్లతో నెలలు లెక్కపెట్టే క్యాలెండర్ రాబర్ట్ గ్రేవ్స్ 1948 నాటి పుస్తకంలోది. నవలకు కల్పన పనికిరాదని కాదు, ఎవరి కల్పనో తెలిసి వాడండి.

అసలు కథలు మనదాకా వచ్చింది క్రైస్తవ లేఖకుల చేతుల మీదుగా. 12వ శతాబ్దపు లెన్‌స్టర్ గ్రంథంలో కూహులిన్ వీరగాథ ‘టోయిన్’ ఇతిహాసమంతా ఐరిష్‌లో ఓపిగ్గా ఎక్కించి, చివర లాటిన్‌లో ఇదంతా నేను నమ్మనని ఒకాయన రాసుకున్నాడు. కథ నమ్మకుండానే పొల్లుపోకుండా రాసినవాడు! ఇంతమంది డ్రూయిడ్లను చూశాను, ఆ లేఖకుణ్ణి పాత్రగా పెట్టుకున్న రాతప్రతి ఒక్కటీ నా కంటపడలేదు.

ఐర్లండ్, వేల్స్ రెంటినీ కలిపి వండకండి. దేవుళ్ళు వేరు, మర్యాదలు వేరు. ఐర్లండ్ ఎంచుకుంటే థామస్ కిన్సెల్లా 1969లో ఇంగ్లీషులోకి తెచ్చిన ‘టోయిన్’, వేల్స్ అయితే 2007లో షోనెడ్ డేవిస్ అనువదించిన ‘మాబినోగియన్’ చదవండి. పెన్సిల్ పట్టుకుని, ఎవరు ఎవరికి మాటిచ్చారో గుర్తుపెట్టుకుంటూ చదవండి. రాతప్రతి ఆ తర్వాత పంపండి, చూస్తాను.