ఉపమేయం ఒక్కటే, ఉపమానాలు వేరు: తావెర్నియే, వీరాస్వామయ్యల హైదరాబాదు

యాత్రాచరిత్రలను సాంఘిక చరిత్రకు ఆకరాలుగా గ్రహించడం తెలుగు పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. యాత్రికుడు చూసింది చూసినట్టు రాశాడన్న విశ్వాసం దీనికి ఆధారం. ఒకే నగరాన్ని గురించిన రెండు రచనలు పొసగనప్పుడు ఈ విశ్వాసం చాలదు. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదును గురించి రాసిన భాగాలను పక్కపక్కన ఉంచి, ఈ భేదానికి మూలాన్ని పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

తావెర్నియే యాత్రాగ్రంథం 1676లో వెలువడింది. అతడు చూసింది కుతుబ్‌షాహీల నగరం. దాని పరిమాణానికి ఫ్రాన్సులోని ఆర్లేయాన్ పట్టణాన్ని, మూసీనదిపై వంతెనకు పారిస్‌లోని పోన్‌నెఫ్ వంతెనను పోలిక తెచ్చాడు. మక్కా మసీదు నిర్మాణాన్ని వర్ణిస్తూ, ఒకే ఒక శిలను గని నుంచి తీయడానికి 500 నుంచి 600 మందికి ఐదేళ్లు పట్టిందని, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులను కట్టారని రాశాడు. కట్టడం కన్నా దానికైన కాలం, శ్రమ అతని దృష్టిని నిలిపాయి. ఇది వర్తకుని లెక్క.

వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన మరణానంతరం 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. మజిలీల దూరం, నీటి వసతి, అంగళ్లు, దారి భద్రత ఆయన నిత్యం నమోదు చేసిన విషయాలు. హైదరాబాదులో జనం ఆయుధాలు ధరించి తిరగడం ఆయనకు ప్రత్యేకంగా కనిపించింది. కుంఫిణీ పాలనలోని చెన్నపట్నం ఆయనకు అలవాటైన కొలమానం. ఇది న్యాయస్థానోద్యోగి చూపు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. ఇద్దరి మధ్య ఒకటిన్నర శతాబ్దానికి పైగా అంతరం. 1687లో గోల్కొండ పతనమైంది. తరువాత పాలకులు మారారు, నగరమూ మారింది. కాబట్టి ప్రతి భేదాన్నీ చూపుకే అంటగట్టడం పొరపాటు. నగరస్థితిని గురించిన వాక్యాలను కాలానికి వదిలి, ఉపమానాలను మాత్రమే సాక్ష్యంగా తీసుకోవడం సముచితం. ఉపమేయం నగరానిదైనా ఉపమానం యాత్రికుని సొంత ఊరిది. పోలిక చేసిన చోటే అతడు తన్ను తాను బయటపెట్టుకుంటాడు.

ఈ పద్ధతి మరొక లోపాన్నీ చూపుతుంది. వీరాస్వామయ్య పల్లకిని మోసిన బోయీలు అదే దారిలో నడిచారు, అవే నగరాలు చూశారు. వారికి కోసు దూరం అంకె కాదు, భుజం మీది బరువు. వారి ఉపమానాలు ఏమిటో గ్రంథం చెప్పదు. తావెర్నియే లెక్కలోని రాతిపనివారూ సంఖ్యగానే మిగిలారు.

ఈ లోపం గతానికే పరిమితం కాదు. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్‌కు పలు దేశాల శాస్త్రవేత్తలు వచ్చారు. పటాన్‌చెరు పరిశ్రమలకు ఒడిశా, బీహార్ కార్మికులు వస్తున్నారు. చేరిన చోటు ఒక్కటే. మొదటివారి అనుభవం కాగితానికి ఎక్కే అవకాశం ఎక్కువ. రెండోవారిది ఇంటికి చేసే ఫోను సంభాషణల్లో, అద్దెగదుల ముచ్చట్లలో ముగుస్తుంది. యాత్రాసాహిత్య పరిశోధన అచ్చుపుస్తకం దగ్గరే ఆగిపోతే సంగారెడ్డి ప్రాంతాన్ని గురించి రేపటివారికి దొరికేది పల్లకిలోని చూపు మాత్రమే. మౌఖిక కథనాలను కూడా యాత్రాచరిత్రలుగా సేకరించి చదవడం ఇప్పటి అవసరం.