ఒప్పంద పత్రం నుంచి విత్తన సంచి దాకా: సాంబ మసూరి ఉదాహరణపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యం

ఈ వ్యాసం చదివిన తరువాత విశ్వవిద్యాలయం, పరిశోధన సంస్థ, పరిశ్రమల మధ్య సహకారం ఎంతవరకు ఫలించిందో మీరు సొంతంగా అంచనా వేయగలగాలి. అందుకు కావలసిన ప్రమాణాలను ముందుగా చెప్పుకొని, కృష్ణా డెల్టాకు చెందిన ఒక ఉదాహరణకు వాటిని అన్వయిద్దాం.

పరిచయం

విశ్వవిద్యాలయాలు పరిశోధన సంస్థలతోను, పరిశ్రమలతోను కలిసి పనిచేయాలనే మాట ఈనాడు ఉన్నత విద్య గురించిన ప్రతి చర్చలోను వినిపిస్తుంది. అవగాహన ఒప్పందాలు కుదురుతాయి. సంతకాల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. వార్షిక నివేదికలో ఒప్పందాల సంఖ్య పెరుగుతుంది. ఆ ఒప్పందం వల్ల ఎవరి సమస్య తీరిందని అడిగేవారు మాత్రం తక్కువ. సంఖ్యను బట్టి సహకారాన్ని కొలవడం పెళ్లి పత్రికలు లెక్కపెట్టి కాపురాల గురించి తీర్పు చెప్పడం వంటిది.

కాబట్టి మనం నాలుగు ప్రశ్నలను ప్రమాణాలుగా తీసుకుందాం. ఒకటి, సమస్య ఎవరిది? రెండు, ఒకరు చేయలేని పనిని మరొకరు చేశారా? మూడు, ఫలితం అవసరమైన వారి చేతికి చేరిందా? నాలుగు, పేరు, ప్రయోజనం ఎవరికి దక్కాయి?

ఉదాహరణ: బాపట్ల నుంచి హైదరాబాదుకు

విజయవాడలో ఏ బియ్యం కొట్టుకు వెళ్లినా ‘బీపీటీ’ అనే మాట వినిపిస్తుంది. ఆ మూడు అక్షరాలు బాపట్లకు సంకేతం. ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరే పడమటి కాలువల నీరు అందే ప్రాంతంలో బాపట్ల ఉంది. అక్కడి వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం స్థాపించబడింది. నేడు అది ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉంది. ఆ విశ్వవిద్యాలయ పరిధిలోని బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన బీపీటీ 5204 వంగడం 1986లో విడుదలయింది. దీనికే సాంబ మసూరి అని పేరు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1 రకాలను సంకరపరచి, వచ్చిన సంతతిని మసూరితో కలిపి దీన్ని తయారుచేశారు. సన్నని గింజ, మంచి వంట గుణం వల్ల రైతు, మిల్లరు, వినియోగదారుడు ముగ్గురూ దీన్ని ఆదరించారు.

అయితే ఈ వంగడానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తి లేదు. ఈ తెగులు సోకితే ఆకులు అంచుల నుంచి ఎండిపోతాయి, గింజ సరిగా పాలు పోసుకోదు. రైతుకు అందుబాటులో ఉన్న మందులు దీనిపై అంతగా పనిచేయవు. ఒకే వంగడం విస్తారంగా సాగయినప్పుడు దాని బలహీనత కూడా అంతే విస్తారంగా బయటపడుతుంది. విశ్వవిద్యాలయం సాధించిన విజయమే ఇలా తరువాతి పరిశోధనకు సమస్య అయింది.

ఈ సమస్యను హైదరాబాదులోని రెండు ప్రభుత్వ సంస్థలు కలిసి చేపట్టాయి. ఒకటి, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ). రెండవది, అప్పటి వరి పరిశోధన సంచాలనాలయం, నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ. తెగులును తట్టుకునే మూడు జన్యువులను, అంటే ఎక్స్‌ఎ21, ఎక్స్‌ఎ13, ఎక్స్‌ఎ5లను సాంబ మసూరిలోకి తీసుకురావడం వారి లక్ష్యం. ఈ మూడూ కలిగిన దాత వంగడం పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చేసిన కృషి ఫలితం. దానితో సాంబ మసూరిని సంకరపరచి, వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే తిరుగు సంకరణం చేశారు. ఇలా రూపొందిన ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ 2008లో విడుదలయింది. ఇది మొక్కల సంకరణంతో వచ్చినదే తప్ప జన్యుమార్పిడి పంట కాదు.

మూల్యాంకనం

మొదటి ప్రమాణం ప్రకారం ఈ సహకారానికి మంచి మార్కులే వేయాలి. సమస్య ప్రయోగశాలలో పుట్టలేదు, పొలంలో పుట్టింది. పరిశోధకులు కొత్త వంగడాన్ని రైతుకు అంటగట్టలేదు, రైతు ఎంచుకున్న వంగడాన్నే బాగుచేశారు.

రెండవ ప్రమాణం విషయంలో ఈ ఉదాహరణ ఇంకా బలమైనది. మూడు జన్యువుల్లో ఎక్స్‌ఎ13, ఎక్స్‌ఎ5 అంతర్గత జన్యువులు. తిరుగు సంకరణంలో వచ్చే మొక్కలో వాటి ఒక ప్రతి ఉన్నా దాని గుణం పైకి కనిపించదు. పైగా ఒకే మొక్కలో మూడు జన్యువులూ చేరాయా, ఒకటే ఉందా అన్నది తెగులు లక్షణాలను చూసి తేల్చడం కష్టం. అందుకే డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ప్రతి తరంలోను మొక్కలను ఎంపిక చేశారు. ఇక్కడ అణుజీవశాస్త్రం తప్పనిసరి. అలాగే ప్రయోగశాల ఒక్కటే ఉంటే సరిపోదు. వేల మొక్కలను పెంచి, తెగులు సోకించి, గింజ నాణ్యతను పరీక్షించే వరి శాస్త్రజ్ఞులు కావాలి. ఒకరు లేకుండా మరొకరి పని సాగని చోట సహకారం మర్యాద కోసం కాక అవసరం కోసం జరుగుతుంది.

మూడవ ప్రమాణం దగ్గర మన తీర్పు జాగ్రత్తగా ఉండాలి. కొత్త వంగడం గింజ పాతదానిలాగే ఉండాలని పరిశోధకులు కోరుకున్నారు, అది సాధించారు. కానీ ఆ విజయమే ఒక చిక్కు తెచ్చింది. గింజను చూసి ఏది పాత సాంబో, ఏది కొత్త సాంబో వ్యాపారి చెప్పలేడు. కాబట్టి తెగులును తట్టుకున్నందుకు బజారులో అదనపు ధర రాదు. తెగులు రాని ఏడాది రైతుకు తేడా కనిపించదు, వచ్చిన ఏడాది జరగని నష్టమే అతని లాభం. ఇటువంటి లాభాన్ని నమ్మాలంటే నిఖార్సయిన విత్తనం, దాన్ని వివరించి చెప్పే విస్తరణ సేవ రెండూ కావాలి. అగ్గి తెగులు, సుడిదోమ వంటి ఇతర బెడదలకు ఈ మూడు జన్యువులు పరిష్కారం కావన్నది కూడా రైతుకు చెప్పవలసిన విషయమే.

ఇక్కడే పరిశ్రమ ప్రశ్న వస్తుంది. బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్ విత్తనం, దాని నుంచి సర్టిఫైడ్ విత్తనం తయారుకావాలి. సాంబ మసూరి హైబ్రిడ్ కాదు. పండిన ధాన్యంలోనే రైతు మరుసటి ఏడాదికి విత్తనం దాచుకోవచ్చు. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఆ హక్కును గుర్తించింది. ఏటా కొత్తగా అమ్ముడుపోని విత్తనంపై ప్రైవేటు కంపెనీకి ఆసక్తి తక్కువ కావడం సహజం. పరిశ్రమ వచ్చి ఫలితాన్ని తానే జనంలోకి తీసుకుపోతుందన్న సాధారణ సూత్రం ఇక్కడ పనిచేయదు.

దీన్ని ఎక్స్‌ఎ21 చరిత్రతో పోల్చి చూడండి. ఈ జన్యువు ఆఫ్రికా ఖండపు అడవి వరి నుంచి వచ్చింది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేశారు. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనపై విశ్వవిద్యాలయాలు పేటెంటు పొందే వీలు కల్పించింది. ఆ విశ్వవిద్యాలయం పేటెంటు మార్గం పట్టింది. రాబడిలో కొంత భాగం జన్యువు పుట్టిన దేశాలకు చెందాలని ఒక నిధిని కూడా ఏర్పాటుచేసింది. ఉద్దేశం మంచిదే. కానీ హక్కులు తీసుకున్న కంపెనీలు వంగడాన్ని బజారుకు తేలేదు. అదే జన్యువు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చేసిన సంకరణాల ద్వారా, ప్రభుత్వ సంస్థల చేతులు మారుతూ, మన సాంబలోకి చేరింది. పరిశ్రమతో ఒప్పందం ఉన్నంత మాత్రాన ఫలితం పొలానికి చేరుతుందని అనుకోకూడదు, ఒప్పందం లేకపోతే చేరదనీ అనుకోకూడదు.

నాలుగవ ప్రమాణం వద్ద ఒక లోపం కనిపిస్తుంది. మెరుగుపరచిన వంగడం ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా హైదరాబాదు సంస్థల పేర్లే ముందు వినిపిస్తాయి. మూల వంగడాన్ని ఇచ్చిన బాపట్ల, దాతను ఇచ్చిన పంజాబ్, ఆ వంగడాన్ని ఏళ్ల తరబడి సాగుచేసి దాని గుణదోషాలను తేల్చిన డెల్టా రైతులు వెనక్కి జరుగుతారు. సహకారం ఎప్పుడు మొదలయిందని లెక్కించాలో ఈ లోపం మనకు గుర్తుచేస్తుంది. సంతకం చేసిన రోజు నుంచి లెక్కిస్తే వీరిలో చాలామంది భాగస్వాములే కారు.

ముగింపు

ఈ ఉదాహరణ శాస్త్రపరంగా విజయం, పంపిణీపరంగా అసంపూర్ణం. విశ్వవిద్యాలయం జ్ఞానాన్ని సృష్టిస్తుంది, సంస్థ పరీక్షిస్తుంది, పరిశ్రమ అమ్ముతుంది అనే సరళరేఖ దీనికి సరిపోదు. ఇక్కడ పని పొలం నుంచి ప్రయోగశాలకు వెళ్లి, తిరిగి పొలానికి రావలసివచ్చింది. రెండవ సగం దారికి డబ్బు, మనుషులు, బాధ్యత ఎవరివో ముందే రాసుకోని ఒప్పందం ఎంత గొప్ప పరిశోధననైనా మధ్యలో ఆపేస్తుంది. మీ ఊరి కళాశాల ఏదైనా సంస్థతో ఒప్పందం చేసుకున్నట్లు ఈసారి పత్రికలో చదివినప్పుడు ఆ నాలుగు ప్రశ్నలూ అడిగి చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి రూపకల్పనలో డీఎన్‌ఏ గుర్తుల అవసరం ఎందుకు కలిగింది?
2. గింజ నాణ్యత మారకపోవడం ఈ వంగడానికి మేలు ఎలా అయింది, చిక్కు ఎలా అయింది?
3. మీ ప్రాంతంలో విశ్వవిద్యాలయానికి, పరిశ్రమకు మధ్య ఉన్న ఒక సహకారాన్ని ఎంచుకొని, పై నాలుగు ప్రమాణాల ఆధారంగా ఒక పుటలో విమర్శించండి.