గుగ్గిళ్ళ పక్కన టీ గ్లాసు

శ్రావణమాసంలో మా ఇంట్లో శనగలకు కొదవుండదు. పేరంటాలకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ తాంబూలంతోపాటు దోసెడు నానిన శనగలు. సాయంత్రం వాటిని ఉడికించి తాలింపు వేస్తే గుగ్గిళ్ళు. పక్కన పొగలు కక్కే టీ ఉండాల్సిందే.

ఒక ఏడాది రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువొచ్చింది. "ఇన్ని శనగలు తింటున్నా కదండీ!" అని డాక్టరమ్మతో వాదించాను. "తింటున్నారు సరే, దేనితో తింటున్నారు?" అందావిడ.

నా టీ గుట్టు రట్టయింది. టీలోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుంటాయట. వంద గ్రాముల ఎండు శనగల్లో ఇనుము సుమారు 6–7 మిల్లీగ్రాములు. కానీ ఒంటికి పట్టేది అందులో కొద్ది వంతే, ఎందుకంటే గింజలోనే ఇంకో కాపలాదారు ఉన్నాడు, ఫైటిక్ ఆమ్లం. రేపటి మొలక కోసం గింజ భాస్వరాన్ని దాచుకునే రూపం అది. ఇనుమునూ జింకునూ కూడా కట్టి పడేస్తుంది. ఆ ముడి విప్పే ఎంజైము ఫైటేజ్. గింజ నానితే అది మేలుకుంటుంది, మొలకెత్తితే మరింత చురుకవుతుంది. ఉడుకు తగిలితే పని ఆపేస్తుంది. అందుకే నానబెట్టకుండా కుక్కర్లో పడేసి ఎన్ని విజిల్స్ వేయించినా శనగ మెత్తబడుతుందే గాని ముడి పెద్దగా విడదు. రాత్రంతా నానినా మొత్తం విడదు లెండి, కొంతే.

మా అమ్మ నానిన నీళ్ళు పారబోసేది. నేను పోషకాలు పోతాయని దాచి చారులో పోసేదాన్ని, పెద్ద తెలివైనదానిలా. కొంత ఖనిజం ఆ నీళ్ళతో పోయే మాట నిజమే. కానీ ఫైటిక్ ఆమ్లమూ, కడుపుబ్బరం తెచ్చే చక్కెరలూ కొంత దిగేది అందులోకే. ఈ విషయంలో నా ఓటు అమ్మకే.

నిమ్మకాయ కూడా పొయ్యి మీంచి దించాకే పిండేది. రుచి చెడుతుందని ఆవిడ కారణం. ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలో ఉంచే సి విటమిన్‌కు వేడి పడదన్నది నేను తర్వాత చదువుకున్న కారణం. పైన చల్లే పచ్చి ఉల్లిపాయ ముక్కలకూ వకాల్తా దొరికింది. ఉల్లి, వెల్లుల్లి చేరితే ధాన్యాల్లోనూ పప్పుల్లోనూ ఉన్న ఇనుము, జింకు ఎక్కువగా అందుతాయని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2010లో రాశారు. అయితే అవి ప్రయోగశాలలో గాజు పాత్రల్లో చేసిన పరీక్షలు, మనుషుల మీద చేసినవి కావు.

ఇప్పుడు మా ఇంట్లో గుగ్గిళ్ళు నాలుగింటికి, టీ ఐదున్నరకి. హిమోగ్లోబిన్ పెరిగింది. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలూ మింగాను కాబట్టి, ఘనతంతా శనగలదేనని మాత్రం అనను.