వానల అడవిలో వాగొడ్డు మకాం

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ జాతీయవనంలో హో అనే లోయ ఉంది. అక్కడ ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన తెలుగు రాష్ట్రాల సగటు వెయ్యి కూడా దాటదు. పసిఫిక్ మీంచి వచ్చే మేఘాలు ఒలింపిక్ కొండల్ని ఎక్కుతూ చల్లబడి లోయలో కురుస్తాయి. సిట్కా స్ప్రూస్, హెమ్లాక్ చెట్లు ఆకాశం కనబడనివ్వవు. మేపుల్ కొమ్మల నుంచి నాచు జడల్లా వేలాడుతుంది. కరెంటు, కుళాయి లేని ఆ చోట, వీపున మోసుకెళ్ళిన టెంటులో రాత్రి గడపడం ఒక విద్య. నీటి నడక తెలిసినవాళ్ళకు కొద్ది సామానే చాలు. తెలియకపోతే ఎంత ఖరీదైన టెంటయినా తడుస్తుంది.

అసలు పని టెంటు విప్పకముందే మొదలవుతుంది. ముందు తలెత్తి చూడాలి. పైన ఎండు కొమ్మ గానీ, పక్కన ఒరిగిన చెట్టు గానీ ఉంటే అక్కడ దిగకూడదు. తర్వాత పొదలకేసి చూడాలి. ఎండు గడ్డీ పుల్లలూ ఎంత ఎత్తున చిక్కుకుని ఉంటే, పోయిన వరదలో వాగు అంతదాకా వచ్చిందని లెక్క. హో నది మంచుకొండల నీరు. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రానికి వాన లేకుండానే పొంగుతుంది. పది మంది పడుకుని గట్టిపడిన చోటో, ఎత్తయిన గులకరాళ్ళ తిప్పో ఎంచుకోవాలి. నాచు మీద మాత్రం వద్దు. నలిగిన నాచు తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

వానలో ముందు పైన టార్పాలిన్ కట్టి, దాని కింద టెంటు వేసుకోవాలి. కింద పరిచే పట్టా అంచులు టెంటు అడుగుకే మడవాలి. జానెడు బయటికి వచ్చినా వాన నీళ్ళన్నీ పక్క కిందికే చేరతాయి. టార్పాలిన్ తాడుకు ఓ నూలు పోగు కట్టి వేలాడదీయండి. తాడు వెంట జారివచ్చే నీరు ఆ పోగు దగ్గర మలుపు తిరిగి, బొట్టుబొట్టుగా నేల మీద పడుతుంది. నాకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ చిన్న ఉపాయమే. చలేసినా టెంటు కిటికీలు పూర్తిగా మూయకండి. మన ఊపిరి తేమే తెల్లారేసరికి లోపల వానవుతుంది.

నూలు బట్టలు తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఒక జత ఉన్ని బట్టలు పడుకోవడానికే దాచుకుని, పొద్దున్నే మళ్ళీ ముందురోజు తడిసిన బట్టలే తొడుక్కోవాలి. కష్టమే, కానీ ఈ నియమం తప్పితే రెండో రాత్రి గడవదు.

హో నది నీళ్ళలో హిమానీనదాలు అరగదీసిన రాతిపొడి పాలలా కలిసి ఉంటుంది. అది ఫిల్టర్లను పూడ్చేస్తుంది. తాగడానికి పక్క వాగుల తేట నీళ్ళు మేలు. అవైనా ఒక నిమిషం తెర్లనివ్వాలి. కట్టెలు నీళ్ళోడుతుంటాయి కాబట్టి చిన్న స్టవ్ వెంట ఉండాలి. తిండి, సబ్బు, పేస్టు వంటి వాసన ఉన్న ప్రతిదీ ఎలుగుబంటి తెరవలేని డబ్బాలోకి వెళ్ళాలి.

ఈ లోయలో హో తెగ ప్రజలు తరతరాలుగా ఉన్నారు. తేలిగ్గా కుళ్ళని ఎర్ర సెడార్ పలకలతో ఇళ్ళు కట్టుకుని, దాని బెరడుతో వాననాపే టోపీలు అల్లుకున్నారు. 1938లో జాతీయవనమై, 1981లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ అడవిలో పడిపోయిన మాను మీదే కొత్త మొక్కలు వరసగా లేస్తాయి. మనుషుల చప్పుడు లేని చోటుకు గుర్తుగా, ప్రకృతి శబ్దాలను రికార్డు చేసే గోర్డన్ హెంప్టన్ 2005లో ఇక్కడే ఒక చదరపు అంగుళం నేలను ఎంచుకున్నాడు. వాగు పక్కన ఒక రాత్రి పడుకుంటే ఆయన ఎందుకలా చేశాడో తెలుస్తుంది.

సియాటిల్, రెడ్‌మండ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఈ అడవి కారులో నాలుగు గంటల దూరం. వానలు తగ్గే జులై, ఆగస్టుల్లో మొదటిసారి వెళ్ళండి. రాత్రి బసకు పర్మిట్ తప్పనిసరి, ముందే తీసుకోండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.