జనవరిలో వచ్చిన మనిషి

వేసవిలో జట్టు కట్టుకోవడం ఒక పని. సీజన్ నడుస్తుండగా దాన్ని సరిదిద్దుకోవడం పూర్తిగా వేరే పని. మధ్యలో ఆటగాళ్ళను మార్చుకునే వీలుండే జనవరిలో మంచి ఆటగాణ్ణి ఏ క్లబ్బూ సులువుగా వదులుకోదు. వదిలినా, అవసరం చూసి ధర పెంచేస్తుంది. వచ్చినవాడికి కొత్త మైదానం, కొత్త సహచరులు అలవాటు కావడానికి వారం కూడా దొరకదు. ఇంగ్లండ్ రెండో అంచె లీగ్ అయిన చాంపియన్‌షిప్‌లో ఒక్కో జట్టు 46 మ్యాచ్‌లు ఆడాలి. శనివారం ఒకటి, మంగళవారం మరొకటి. ఆ పరుగులో జట్టును విప్పి మళ్ళీ కట్టడమంటే, మనుషులు కాపురముంటున్న ఇంటికి దూలం మార్చడమే. 2022-23లో లూటన్ టౌన్ ఆ పని చేసిన తీరు నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది.

లూటన్ ఎంత చిన్న క్లబ్బో ముందు చెప్పాలి. దాని మైదానం కెనిల్‌వర్త్ రోడ్‌లో అప్పట్లో పట్టేది పదివేల చిల్లర మంది. ఒకవైపు ప్రేక్షకులు వరస ఇళ్ళ కింద ఉన్న దారుల్లోంచి లోపలికి వెళ్తారు. మెట్లెక్కుతుంటే పక్క పెరళ్ళలో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. ఆర్థిక అవకతవకలకు శిక్షగా 2008-09 సీజన్‌ను ఈ క్లబ్బు మైనస్ 30 పాయింట్లతో మొదలుపెట్టింది. సహజంగానే కిందికి జారింది, ఫుట్‌బాల్ లీగ్ బయట ఐదేళ్ళు గడిపి 2014లో తిరిగొచ్చింది. అప్పటినుంచి డబ్బు చూసి కాక మనిషిని చూసి కొనుక్కోవడం దాని అలవాటు. ఆటగాళ్ళ ఎంపిక బాధ్యత చూసిన మిక్ హార్‌ఫర్డ్ ఒకప్పుడు ఇదే క్లబ్బుకు గోల్స్ కొట్టిన స్ట్రైకర్. ఏ రకం మనిషి ఈ మైదానంలో నిలదొక్కుకుంటాడో ఆయనకు కొత్తగా ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

2022 నవంబరులో కోచ్ నేథన్ జోన్స్‌ను పైలీగ్‌లో ఉన్న సౌతాంప్టన్ తీసుకుపోయింది. వారానికే రాబ్ ఎడ్వర్డ్స్ వచ్చాడు. సెప్టెంబరులో ఆయన్ను తీసేసిన క్లబ్బు వాట్‌ఫర్డ్, అంటే లూటన్‌కు తరతరాల ప్రత్యర్థి. అలా వచ్చిన కొత్త కోచ్ తన ముద్ర వెయ్యాలని తొందరపడడం లోకంలో మామూలే. ఎడ్వర్డ్స్ తొందరపడలేదు. ప్రపంచకప్ కోసం లీగ్ దాదాపు నెల రోజులు ఆగింది. ఆ విరామాన్ని ఆయన జట్టును మార్చడానికి కాక అర్థం చేసుకోవడానికి వాడుకున్నాడు. జోన్స్ నిలబెట్టిన పద్ధతి అలాగే ఉంచాడు: వెనక ముగ్గురు డిఫెండర్లు, రెండు అంచుల్లో పైకీ కిందికీ పరిగెత్తే వింగ్‌బ్యాక్‌లు, ముందు ఇద్దరు బలమైన స్ట్రైకర్లు. పనితనంలో మొదటి మెట్టు ఇదేనని నా అభిప్రాయం. ఏది ముట్టుకోకూడదో తెలియడం.

ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూస్తేనే అందులో లోటు ఎక్కడుందో తెలుస్తుంది. అప్పటి లూటన్ బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని వంద పాస్‌లు ఆడే జట్టు కాదు. వెనకనుంచి పొడుగ్గా ముందుకు కొడుతుంది. ముందున్న కార్ల్టన్ మోరిస్, ఎలైజా అడెబాయో ఇద్దరూ ఎత్తరులు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు. గాల్లో వచ్చిన బంతి కోసం డిఫెండర్లతో పెనుగులాడతారు. బంతి వాళ్ళకు అందకపోవచ్చు కూడా. అసలు ఆట అక్కడే మొదలవుతుంది. తలకో భుజానికో తగిలి కింద పడే ఆ రెండో బంతి ఎవరిదైతే దాడి వాళ్ళది. దాన్ని అందుకోవడానికి మధ్యలో మనుషులు గుంపుగా ముందుకు ఉరకాలి. ఉరికితే వాళ్ళ వెనక, ముగ్గురు డిఫెండర్ల ముందు, నేల ఖాళీ అవుతుంది. బంతి ప్రత్యర్థికి చిక్కితే ఆ ఖాళీలోంచే ఎదురుదాడి వస్తుంది. శరదృతువంతా ఆ చోటును ఒకరి తర్వాత ఒకరు సర్దుకుంటూ నెట్టుకొచ్చారు తప్ప, అది తన చోటని నిలబడ్డ మనిషి లేడు.

జనవరి వచ్చేసరికి లోటు తగ్గకపోగా పెరిగింది. కుడి వింగ్‌బ్యాక్ జేమ్స్ బ్రీ, పాత కోచ్ వెంటే సౌతాంప్టన్ వెళ్ళిపోయాడు. కార్నర్లు, ఫ్రీకిక్‌లు చక్కగా వేసే కాలు అతనిది. ఫార్వర్డ్ హ్యారీ కోర్నిక్‌ను బ్రిస్టల్ సిటీకి అమ్మారు. బదులుగా కుడి అంచుకు లీడ్స్ నుంచి కోడీ డ్రామేను లోన్ మీద తెచ్చారు, పీటర్‌బరో నుంచి జో టేలర్ అనే కుర్ర స్ట్రైకర్‌ను కొన్నారు. ట్రాన్స్‌ఫర్ విండో మూసే రోజున, జనవరి 31న, ఆస్టన్ విల్లా నుంచి మార్వెలస్ నకాంబా లోన్ మీద వచ్చాడు. జింబాబ్వే మనిషి. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, బెల్జియం మీదుగా 2019లో ఇంగ్లండ్ చేరాడు. 2022-23లో విల్లా మొదటి జట్టులో అతనికి చోటే దక్కలేదు. అక్కడ ఖాళీగా కూర్చున్నవాడే ఇక్కడ ఖాళీని పూడ్చేవాడని పోల్చుకోవడంలో ఉంది గొప్పతనమంతా.

నకాంబా ఆటను దగ్గరనుంచి చూడాలి. గోల్స్ ముక్కలు అతికించిన వీడియోల్లో అతను కనిపించడు. మోరిస్ గాల్లోకి ఎగిరే క్షణంలో అందరూ బంతిని చూస్తుంటే, అతను ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డర్ ఎటు ఒరుగుతున్నాడో చూస్తాడు. బంతి పడబోయే చోటికి రెండడుగులు ముందే చేరి, తన ఒంటిని బంతికీ అవతలివాడికీ మధ్య అడ్డం పెడతాడు. కిందపడి జారుతూ కాలు విసరడం అరుదు. జారినవాడు లేచేలోపు ఆట దాటిపోతుందని అతనికి తెలుసు. నిలబడే ఉంటాడు, అవతలివాడు బంతిని కాస్త ఎక్కువగా ముందుకు తోసే దాకా ఆగుతాడు, అప్పుడు కాలు పెడతాడు. బంతి చిక్కాక చేసేది ఇంకా చిన్న పని. దగ్గర్లో ఉన్న సహచరుడికి ఆరేడు గజాల పాస్ ఇచ్చి, మళ్ళీ తన చోటికి వచ్చేస్తాడు. ఇందులో చప్పట్లు కొట్టించేది ఏదీ లేదు. పక్కనున్నవాళ్ళను చూస్తే మాత్రం దాని విలువ తెలుస్తుంది. మిడ్‌ఫీల్డర్లు పెల్లీ రడక్ ఎంపాన్జు, జోర్డన్ క్లార్క్ ఇక వెనక్కి తిరిగి చూసుకోకుండా ముందుకు ఉరకసాగారు. ఎడమ అంచున ఆల్ఫీ డౌటీ వింగ్‌బ్యాక్ అనిపించుకోవడం మానేసి దాదాపు వింగర్ అయ్యాడు. బ్రీ వెళ్ళాక దిక్కులేకుండా పోయిన కార్నర్లు కూడా అతని ఎడమకాలి కిందికి వచ్చాయి.

ఫిబ్రవరిలో బర్న్‌లీ చేతిలో ఒక గోల్ తేడాతో ఓడాక లీగ్ ముగిసే దాకా లూటన్‌కు మరో ఓటమి లేదు. ఏప్రిల్ 1న వాట్‌ఫర్డ్‌ను సొంతగడ్డ మీద 2-0తో ఓడించింది. ఎడ్వర్డ్స్‌కు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. సీజన్ మొత్తానికి 21 గెలుపులు, 17 డ్రాలు, 8 ఓటములు, 80 పాయింట్లు, మూడో స్థానం. కొట్టింది 57 గోల్సే. ఇచ్చింది 39. పై లీగ్‌కు ఎక్కాలనుకునే జట్టుకు 57 తక్కువే. ఆ 39 చూస్తే జనవరి పని ఏం చేసిందో తెలుస్తుంది.

మూడో స్థానం అంటే ఇంకా తలుపు తెరుచుకోలేదన్నమాట. మొదటి రెండు జట్లు నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళ్తాయి, ఆ సీజన్‌లో మూడు నుంచి ఆరు దాకా ప్లేఆఫ్ ఆడాయి. ఇలాంటి ఆశ మన హైదరాబాద్‌కూ కొత్త కాదు. అదే ఏడు మన దేశపు రెండో అంచె లీగ్ అయిన ఐ-లీగ్‌లో ఇక్కడి శ్రీనిధి డెక్కన్ రెండో స్థానంలో నిలిచింది. ఇక్కడ ప్లేఆఫ్ లేదు, పై మెట్టు ఎక్కింది విజేత పంజాబ్ జట్టు ఒక్కటే. మరుసటి ఏడూ శ్రీనిధి రెండో స్థానంలోనే ఆగింది. అందుకే ఇంగ్లండ్ వాళ్ళ ఈ రెండో అవకాశం నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కించే సెమీఫైనల్‌లో లూటన్‌కు మొదటి మ్యాచ్ సండర్లాండ్‌లో 2-1తో పోయింది. కెనిల్‌వర్త్ రోడ్‌లో మే 16న రెండోది. గాయాలతో సండర్లాండ్ రక్షణలో ఎత్తరులు లేరు. లూటన్ ఆ రాత్రి ఆడిందంతా ఆ ఒక్క సంగతి మీదే. కార్నర్, పొడుగు త్రో, అంచునుంచి క్రాస్, మళ్ళీ కార్నర్. గేబ్ ఓషో పదో నిమిషంలోనే గోల్‌ముందు తోపులాటలోంచి బంతిని లోపలికి నెట్టాడు. సగం ఆట ముగియబోతుండగా డౌటీ వేసిన బంతికి కెప్టెన్ టామ్ లాకియర్ తల పెట్టాడు. ఇద్దరూ డిఫెండర్లే. దీన్ని మొరటు ఆట అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎదుటివాడి బలహీనత ఎక్కడుందో పసిగట్టి, తొంభై నిమిషాలూ అక్కడినుంచి చూపు తిప్పకపోవడం మొరటుతనం కాదు, చదువు.

మే 27న వెంబ్లీలో కోవెంట్రీతో ఫైనల్. ఆట మొదలైన కాసేపటికే లాకియర్ ఎవరూ తగలకుండానే కుప్పకూలాడు, ఆసుపత్రికి తరలించారు. కెప్టెన్ లేకుండా, మనసంతా అక్కడే ఉండి కూడా, జట్టు తన పద్ధతి తప్పలేదు. 23వ నిమిషంలో అడెబాయో ఎడమ అంచున డిఫెండర్‌ను భుజంతో నెట్టుకుంటూ లోపలికొచ్చి వెనక్కిచ్చిన బంతిని క్లార్క్ గోల్‌లోకి బాదాడు. రెండో సగంలో కోవెంట్రీ ఆటగాడు గుస్తావో హామర్ 1-1 చేశాడు. అదనపు సమయమూ తేల్చలేదు. షూటౌట్‌లో ఇరు జట్ల మొదటి ఐదుగురూ గోల్ కొట్టారు. లూటన్ తరఫున అలా కొట్టినవాళ్ళలో జనవరిలో వచ్చిన టేలర్ ఉన్నాడు, నకాంబా ఉన్నాడు. లూటన్ ఆరో కిక్‌ను డాన్ పాట్స్ గోల్ చేశాడు. కోవెంట్రీ ఆరో కిక్ బారు మీదుగా పోయింది. 6-5. 2013లో లీగ్ బయటున్నప్పుడు చేరిన ఎంపాన్జు, ఒకే క్లబ్బుతో అక్కడినుంచి ప్రీమియర్ లీగ్ దాకా ఎక్కిన మొట్టమొదటి ఆటగాడయ్యాడు.

పై లీగ్‌లో లూటన్ ఒక్క ఏడాదే ఉండి 18వ స్థానంతో దిగిపోయింది. ఆ ఒక్క ఏడాదికైనా, నకాంబాను వేసవిలో శాశ్వతంగా కొనుక్కున్నాకే అడుగుపెట్టింది. వీలు దొరికితే సండర్లాండ్‌తో ఆడిన ఆ రెండో సెమీఫైనల్‌ను మొత్తంగా చూడండి. గోల్స్ ఎలాగూ కనిపిస్తాయి, వాటి కోసం వెతకక్కర్లేదు. లూటన్ బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ముగ్గురు డిఫెండర్ల ముందున్న ఆ జాగాలో ఎవరున్నారో చూస్తూ ఉండండి.